వేళ్ళ అలవాటు

సోమవారం పొద్దున బిజోయ్ సార్ మీటింగ్ పెట్టాడు. మీటింగ్ అంటే సర్వర్ గది బయట ఉన్న పొడుగాటి బల్ల దగ్గరికి ముగ్గురూ కుర్చీలు లాక్కుని కూర్చోవడమే. నాలుగు రోజులుగా వాన విడవలేదు. వరండాలో తెరిచి ఆరబెట్టిన గొడుగుల కింద నీళ్ళు మడుగు కట్టి, మెల్లగా గడప వైపు పాకుతున్నాయి.

"విషయం ఒక్కటే," అన్నాడు బిజోయ్ సార్. "మన సర్వర్లలో ఫైళ్ళు తెరిచి దిద్దడానికి ఒక్కొక్కరం ఒక్కొక్క ఎడిటర్ వాడుతున్నాం. వల్సల చేచీది వీఐ. రంసీనాది నానో. నాది ఇంకోటి. ఆడిట్‌కి వచ్చినాయన అడిగాడు, ఇదేం పద్ధతండీ అని. ఇకనుంచి అందరికీ ఒకటే ఉండాలి."

"ఏది ఉండాలో ఆయనే చెప్పి వెళ్ళాడా సార్?" అంది వల్సల. ఆ గదిలో అందరికీ ఆమె చేచీయే, అంటే మలయాళంలో అక్క.

"అది మనమే తేల్చుకోవాలి. ఈ వారమంతా అందరం నానో వాడి చూద్దాం. శుక్రవారం కూర్చుని నిర్ణయిద్దాం. చేచీ, మీరు ఇరవయ్యేడేళ్ళుగా ఈ గదిలో ఉన్నారు. ఏది మంచిదో, ఎందుకు మంచిదో ఒక పేజీ రాసి తీసుకురండి. మీరు రాసిందే ప్రిన్సిపాల్‌కి పంపిస్తాను."

ఆ మాటకు వల్సల కొంచెం మెత్తబడింది. అడగదగ్గ మనిషిగా తను ఇంకా ఉన్నాననిపించింది.

టీ తెచ్చిన అప్పుకుట్టన్ గ్లాసులు పెడుతూ విన్నాడు. అతను ఆ సెంటర్లో అటెండరు, వల్సలతోపాటే ముసలివాడవుతున్నవాడు. "రెండూ రాసుకునేవే కదా చేచీ. ఏ పెన్నయితే ఏముంది?"

"పరిప్పువడ ఏ నూనెలో వేశారో కనుక్కోకుండా నువ్వు తింటావా?"

"అది నోట్లోకి పోయేది."

"ఇది వేళ్ళలోకి పోయేది," అంది వల్సల.

రంసీనా తలవంచుకుని నవ్వింది. ఆ పిల్ల చావక్కాడ్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. రెండేళ్ళుగా కాంట్రాక్ట్ మీద పనిచేస్తోంది. జూన్ ఆఖరికి ఆ కాంట్రాక్ట్ అయిపోతుంది. మళ్ళీ పొడిగించాలంటే బిజోయ్ సార్ కాగితం మీద ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం గురించి ఆమె ఎప్పుడూ ఎత్తదు గానీ, ఈ నెల మొదలైన దగ్గర్నుంచి పొద్దున అందరికంటే ముందు వచ్చి, సర్వర్ గదిలో ఏసీ కింద పెట్టిన బకెట్ నీళ్ళు కూడా తనే పారబోస్తోంది.

వల్సల తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, నానో తెరిచింది. చుట్టరికానికి వెళ్ళిన ఇంట్లో వంటగదిలా ఉంది. అన్నీ కళ్ళెదుటే పెట్టి ఉన్నాయి. అడుగున రెండు వరుసల్లో ఏది నొక్కితే ఏమవుతుందో రాసి కూడా ఉంది. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసి ఉన్నట్టు. ఏ అక్షరం నొక్కితే ఆ అక్షరమే పడుతుంది.

వీఐ అలా కాదు. అందులోకి వెళ్ళగానే అక్షరాలు అక్షరాలు కావు, ఆజ్ఞలు. జె నొక్కితే ఒక వరుస కిందికి, కె నొక్కితే పైకి, హెచ్ ఎడమకి, ఎల్ కుడికి. రాయాలనుకున్నప్పుడు మాత్రం రాస్తానని ముందు చెప్పాలి. రాయడం అయ్యాక ఎస్కేప్ మీట నొక్కి అయిందని చెప్పాలి. వచ్చేసేటప్పుడు కోలన్, డబ్ల్యూ, క్యూ. దాచు, వెళ్ళు. ఇరవయ్యేడేళ్ళలో ఆ మూడు మీటలూ వల్సల వేళ్ళు ఎన్ని వేలసార్లు నొక్కాయో. ఇంటి తలుపు వేసి గడియ పెట్టినట్టు, పెట్టిన సంగతి కూడా గుర్తుండదు.

"చేచీ, కిందికి వెళ్ళడానికి బాణం గుర్తు మీట ఉంది," అంది రంసీనా వెనక నుంచి. తెర మీద జె లు నాలుగు వరసగా పడి ఉన్నాయి.

"చూశాను."

"చూసి కూడా నొక్కలేదు."

"పని చూసుకో అమ్మాయీ," అంది వల్సల, జె లు చెరిపేస్తూ.

*

ఆ గది మూలలో గుడ్డ కప్పిన పాత టెర్మినల్ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ వాడరు, ఎవరూ పారెయ్యరు. మూడు సార్లు పాతసామాన్ల జాబితాలోకి ఎక్కింది. మూడు సార్లూ వల్సల ఆ వరుస కొట్టేయించింది. మంగళవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, చెయ్యి కడుక్కుని వచ్చి, ఏదో వెతుకుతున్నట్టు ఆ గుడ్డ ఎత్తింది.

తెర కింద అంచు మీద సన్నటి కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది. టీ రంగుకు తిరిగిపోయింది. నీలం సిరా మాత్రం చదవడానికి వస్తోంది. ఆమెకు ఈ పని నేర్పిన దేవస్సి సార్ చేతిరాత. ముందు ఎస్కేప్, తర్వాత ఆలోచన.

ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో అంటించారాయన దాన్ని. అప్పట్లో ఆ గదిలో ఒక్కటే పెద్ద యంత్రం, దానికి ఆరు టెర్మినళ్ళు. వాటి మీద బాణం మీటలు ఉన్నా పని చేసేవి కావు. నొక్కితే తెర మీద ఏవో పిచ్చి గుర్తులు పడేవి. "మంచిదే," అనేవారు దేవస్సి సార్. "చెయ్యి ఎత్తకూడదు. వీణ వాయించే ఆవిడ ప్రతి స్వరానికీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటుందా?" ఆయన వేళ్ళు పొట్టివి, లావుపాటివి. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఆ పొట్టి వేళ్ళు మీటల మీద ఉన్నప్పుడు మణికట్టు కదిలేది కాదు. ఆమె పక్కన నిలబడి, తెర చూడకుండా ఆమె చేతులే చూసేవారు. తప్పు నొక్కబోతుంటే పడకముందే తెలిసిపోయేది ఆయనకి. గొంతు సవరించుకునేవారు, అంతే. ఆ గొంతు సవరింపు వినపడగానే ఆమె చూపుడు వేలు గాలిలో ఆగిపోయేది.

ఆయన పెట్టిన నియమాలు రెండే. ఏ ఫైలు తెరిచినా ముందు దాని నకలు, తేదీ, వేళ పేరుగా పెట్టి పక్కన దాచాలి. మూసిన వెంటనే, కుర్చీలోంచి లేవకముందే, రిజిస్టర్లో చేత్తో రాయాలి: ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు. సర్వర్లలోకి అందరూ ఒకే పేరుతో వెళతారు కాబట్టి ఏ చెయ్యి ఏం చేసిందో యంత్రానికి తెలియదు. రిజిస్టరుకే తెలుస్తుంది. ఇప్పటికి పదకొండు రిజిస్టర్లయ్యాయి. మొదటి నాలుగింటిలో ఆయన రాత, తర్వాత ఏడింటిలో ఎక్కువగా వల్సల రాత. ఈ మధ్య రంసీనా గుండ్రటి అక్షరాలు.

గుడ్డ మళ్ళీ కప్పి, నాలుగు అంచులూ సర్ది, బల్ల దగ్గరికి వచ్చి నోట్ మొదలుపెట్టింది. 'వీఐ ప్రతి సర్వర్లోనూ ఉంటుంది, ఏదీ పనిచేయని రోజున కూడా ఉంటుంది.' ఇది నిజం. 'నేర్చుకోవడానికి వారం పడుతుంది గానీ, నేర్చుకున్నాక జన్మలో మరిచిపోరు.' ఇది కూడా నిజమే. తర్వాత ఏం రాయాలో తోచలేదు. వీణ సంగతి ప్రిన్సిపాల్‌కి రాస్తే బాగుండదు.

*

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు పేర్ల జాబితాలో ఒక మార్పు చేయాల్సి వచ్చింది. కాలేజీలో ఉన్న ప్రతి కంప్యూటర్ పేరు, దాని చిరునామా ఉండే ఫైలు అది. నాలుగు వందల పైచిలుకు వరుసలు. ఆ జాబితా చూసుకునే కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనుక్కుంటాయి. గురువారం అడ్మిషన్లు కాబట్టి ఆఫీసు హాల్లో కొత్త కౌంటరు ఒకటి పెడుతున్నారు. దాని కంప్యూటర్ పేరు చేర్చాలి. పగలు దిద్దిన మార్పును సర్వర్ మర్నాడు పొద్దున ఆరింటికి తనంతట తాను తిరిగి మొదలైనప్పుడు అందుకుంటుంది. ఎవరి పనికీ అడ్డం రాకుండా దేవస్సి సార్ కాలం నుంచీ అదే పద్ధతి.

వల్సల నకలు తీసి దాచింది. నానో తెరిచింది. బాణం మీటలతో దిగుతూ దిగుతూ వెళ్ళి ఆఫీసు కంప్యూటర్ల వరుసల దగ్గర ఆగింది. పేరు రాసింది. చిరునామా రాసింది. అంకెలు ఒకటికి రెండుసార్లు కాగితంతో సరిచూసుకుంది. ఆ సరిచూసుకోవడంలోనే పని అయిపోయిందనిపించి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి.

అప్పుడే బల్ల మీద ఇంటర్‌కమ్ మోగింది. ఆఫీసు సూపరింటెండెంటు.

"టీచరే, కౌంటర్లో ప్రింటర్ కదలడం లేదు. అడ్మిషన్ ఫారాలు వెయ్యాలి. మీరొస్తారా, ఎవర్నైనా పంపిస్తారా?"

"రంసీనా అన్నానికి వెళ్ళింది. నేనే వస్తాను." రిసీవర్ భుజానికి, చెవికి మధ్య నొక్కిపెట్టుకుని తెర వైపు చూసింది. ఫైలు ఇంకా మూసుకోలేదు. ఔను కదా, ఇది వీఐ కాదు. కింద రాసి ఉన్న సూచన చూసి కంట్రోల్, ఎక్స్ నొక్కింది. దాచమంటారా అని అడిగింది. దాచమంది. మూసుకుంది.

వరండాలో తన గొడుగు ఏదో తేల్చుకుని ఆఫీసు వైపు నడిచింది. ప్రింటర్లో ఏమీ లేదు, చెమ్మకి కాగితాలు అతుక్కుపోయాయి. కట్ట విప్పి, విసనకర్రలా విదిలించి మళ్ళీ పెట్టింది. సూపరింటెండెంటు భార్య పంపిన పనసపండు హల్వా అక్కడే కూర్చుని తినాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి మూడున్నర. చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకుంటున్నాయి. రిజిస్టరు బల్ల మీద మూసి ఉంది. దాని మీద పెన్ను ఉంది. పెన్ను పక్కకు జరిపి, రిజిస్టరు మీదే వల్సల టీ గ్లాసు పెట్టుకుంది.

ఐదింటికి పది నిమిషాలు ఉందనగా రంసీనా అదే ఫైలు తెరిచి, మెకానికల్ ల్యాబ్‌లో కొత్త ప్రింటర్ పేరు చేర్చింది. అది ఫైలు చివర్న ఉండే వరుస. మూసి, లేవకముందే రిజిస్టర్లో రాసి, బస్సుకు పరుగెత్తింది.

*

గురువారం ఎనిమిదిన్నరకు వల్సల బస్సు దిగేసరికి అప్పుకుట్టన్ గేటు దగ్గరే ఎదురయ్యాడు. "చేచీ, పొద్దున్నుంచీ ఏదీ పనిచెయ్యడం లేదు. బిజోయ్ సార్ వచ్చేశారు."

ఆఫీసు హాలు నిండిపోయి ఉంది. ప్లాస్టిక్ కవర్లలో మార్కుల కాగితాలు పట్టుకున్న పిల్లలు, తడి గొడుగులు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డ తండ్రులు, బెంచీ కోసం చూస్తున్న తల్లులు. కౌంటర్లలో గుమస్తాలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒక్క కంప్యూటరూ రెండోదాన్ని గుర్తుపట్టడం లేదు.

ఆమె సెంటర్లోకి వచ్చేసరికి మరమ్మతు అయిపోయింది. రంసీనా కుర్చీలో కాదు, కుర్చీ పక్కన నిలబడి ఉంది. తెర మీద సర్వర్ మళ్ళీ మొదలైన సూచన కనపడుతోంది. అవతల హాల్లోంచి 'వచ్చింది, వచ్చింది' అని కేకలు.

"ఏడింటికి కౌంటర్లు తెరిచినప్పట్నుంచీ గంటా నలభై నిమిషాలు," అంటున్నాడు బిజోయ్ సార్. "ప్రిన్సిపాల్ మూడుసార్లు ఫోన్ చేశారు. ఏమైంది?"

"పేర్ల జాబితాలో ఒక వరుసలో అక్కర్లేని అక్షరాలు పడ్డాయి సార్. ఒక్క వరుస తప్పున్నా సర్వర్ మొత్తం జాబితాని తీసుకోదు. తీసేశాను. ఇప్పుడు బాగానే ఉంది."

"నిన్న ఆ ఫైలు ఎవరు ముట్టుకున్నారు?"

ఆయనే రిజిస్టరు తెరిచాడు. బుధవారం తేదీ కింద ఒకే ఒక్క నమోదు ఉంది. నాలుగూ యాభై, రంసీనా, ప్రింటర్ పేరు.

"నేను ఆ ఒక్క వరుసే చేర్చాను సార్."

"మరి ఆ అక్షరాలు వాటంతట అవే నడిచి వచ్చాయా?"

రంసీనా తలమీద గుడ్డ అంచు వెనక్కి సర్దుకుంది. ఏం అక్షరాలు అని ఆయన అడగలేదు.

"బస్సు తొందరలో ఉంటే ఇలాగే ఉంటుంది," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "చిన్నపిల్లలు వాడే ఎడిటర్లోనే ఇలా చేస్తే, రేపు ఇంకా పెద్ద పనులు ఎలా ఇస్తాను? నీ కాగితం నా బల్ల మీదే ఉంది. ఇప్పుడు దాంట్లో ఏం రాయమంటావు?"

వల్సల గొడుగు మూలన పెట్టింది. పోనీ సార్ అందామనుకుంది. చిన్నపిల్ల కదా అందామనుకుంది. కానీ అడ్మిషన్ల రోజు గంటా నలభై నిమిషాలు చిన్న సంగతి కాదు. పైగా, తొందరపాటు ఆమెకీ నచ్చదు. లేవకముందు ఒక్కసారి పైనుంచి కిందిదాకా చూసుకోవాలని ఈ పిల్లకి ఎన్నిసార్లు చెప్పిందో.

"చూశారా చేచీ," అన్నాడు బిజోయ్ సార్, వెళుతూ వెళుతూ. "మీ నోట్‌లో ఇది కూడా రాయండి. నానోలో ఏం నొక్కితే అది పడిపోతుంది. మీ వీఐలో అయితే ఇలా జరిగేది కాదేమో. నిన్నటిదాకా నేను నానో వైపే ఉన్నాను. ఇప్పుడు మీరే నెగ్గేలా ఉన్నారు."

*

మధ్యాహ్నం గదిలో ఇద్దరే ఉన్నారు. రంసీనా తన టిఫిన్ డబ్బా తెరవలేదు. వల్సల తన డబ్బాలోని మెళుక్కుపురట్టి వేపుడు మూతలో పెట్టి ఆమె వైపు జరిపింది. రంసీనా రెండు ముక్కలు తిని, బాగుంది చేచీ అంది.

"ఇవాళ జరిగింది మనసులో పెట్టుకోకు. రేపు నేను ఆయనతో మాట్లాడతాను. నువ్వు ఇకనుంచి మూసేముందు ఒక్కసారి చూసుకో."

"సరే చేచీ."

ఆ సరేలో కోపం లేదు, బెంగా లేదు. బస్సులో పక్కవాళ్ళు జరగమంటే జరిగినట్టు అంది.

వల్సల నోట్ ముందు పెట్టుకుంది. మూడో వాక్యం ఇప్పుడు సులభంగా వచ్చింది. 'గురువారం ఉదయం జరిగిన పొరపాటు దీనికి ఉదాహరణ.' ఉదాహరణ అన్నాక సరిగ్గా రాయాలి. ఏ వరుసలో, ఏ అక్షరాలు పడ్డాయో చెప్పాలి. ఆమె రిజిస్టరు తెరిచింది. రంసీనా పొద్దున చేసిన నమోదు ఉంది: 'ఎనిమిదీ ముప్పై ఐదు. పేర్ల జాబితాలో నూట ముప్పై ఎనిమిదో వరుస. అక్కర్లేని మూడు అక్షరాలు తీసివేశాను.' ఆ హడావుడిలో కూడా లేవకముందే రాసింది.

నూట ముప్పై ఎనిమిది. ప్రింటర్ ఉండేది ఫైలు చివర్న కదా.

వల్సల నకళ్ళు దాచే చోటికి వెళ్ళింది. నిన్నటి తేదీతో రెండు, ఈరోజుది ఒకటి. ముందు ఈరోజుది తెరిచింది. మరమ్మతుకు ముందు ఫైలు ఎలా ఉందో అలా ఉంది. నూట ముప్పై ఎనిమిదో వరుసకు దిగింది. ఆఫీసు కొత్త కౌంటరు పేరు. దాని చిరునామా. చిరునామా ఆఖరి అంకెను అంటిపెట్టుకుని, మధ్యలో ఖాళీ కూడా లేకుండా, కోలన్, డబ్ల్యూ, క్యూ.

తన వేలిముద్ర తనకు ఎదురుగా ఉన్నట్టుంది. ఈ గదిలో ఆ మూడు మీటలు నొక్కి లేచే వేళ్ళు ఇంకెవరికీ లేవు. ఒకప్పుడు ఇంకొకరికి ఉండేవి.

నిన్న నాలుగూ యాభైకి రంసీనా దాచిన నకలు తెరిచింది. ప్రింటర్ చేర్చకముందుది. అందులోనూ ఉన్నాయి ఆ మూడు. రెండింటికి తను దాచింది తెరిచింది. అందులో లేవు. రిజిస్టర్లో బుధవారం పేజీ చూసింది. రెండు గంటల దగ్గర ఏమీ లేదు. రిజిస్టరు అట్ట మీద గుండ్రటి మరక ఒకటి ఉంది, టీ గ్లాసుది.

"అమ్మాయీ," అంది వల్సల. "ఏం అక్షరాలు తీశావు పొద్దున?"

రంసీనా తెర మీంచి చూపు తిప్పలేదు. "గుర్తులేదు చేచీ."

"రంసీనా."

ఆ పిల్ల చేతులు మీటల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నిన్నటి నీ నకలు చూపిస్తే సరిపోయేది. నువ్వు ముట్టుకోకముందే ఉన్నాయని ఆయనకి అర్థమయ్యేది. ఎందుకు చూపించలేదు?"

"చూపిస్తే ఎవరివి అని అడుగుతారు."

"అడిగితే?"

"అడిగితే చెప్పాలి." నిదానంగా అంది, "నేను చెబితే నమ్ముతారో లేదో చేచీ. నమ్మినా, రేపు ఈ గదిలో మీ వెనక కుర్చీలో నేనెలా కూర్చోను? ఆయన రాస్తే ఒక వాక్యం రాస్తారు. మీరు ప్రతిరోజూ ఉంటారు."

పోనీలే, నీ మంచితనం అని వల్సల అందామనుకున్నా, ఆ పిల్ల మంచితనం మాట ఎత్తలేదు. లెక్క చెప్పింది. రెండేళ్ళు ఈ గదిలో కూర్చుని ఆ పిల్ల నేర్చుకున్న లెక్క అది. ఎవరు నేర్పారో ఆలోచిస్తే, పని చూసుకో అమ్మాయీ అని తనే ఎన్నిసార్లు అన్నదో.

"మీరు చూసుకుంటారనుకున్నాను," అంది రంసీనా చివరికి. "నకళ్ళు మీరే చూస్తారు కదా ఎప్పుడూ."

సాయంత్రం వల్సల బస్సులో కిటికీ రెక్క దించి కూర్చుంది. నోట్ సంచిలో ఉంది. మూడో వాక్యం అలాగే ఉంచినా ఎవరికీ తెలియదు. నకళ్ళు వారానికొకసారి చెరిగిపోతాయి. వీఐ ఉంటుంది. ఆ గదిలో ఇంకో ఐదేళ్ళు, తను రిటైరయ్యేదాకా, వేళ్ళు అలవాటైన దారినే నడుస్తాయి. ఒడిలో ఉన్న చెయ్యి వైపు చూసుకుంది. చిటికెన వేలు సంచి మీద ఊరికే కదులుతోంది. దేవస్సి సార్ ఉంటే పడకముందే గొంతు సవరించుకునేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

*

శుక్రవారం ఆమె అందరికంటే ముందు వచ్చింది. ఏసీ కింద బకెట్ తనే పారబోసింది. రిజిస్టరు తెరిచి, ఆ రోజు తేదీ వేసి రాసింది: 'బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు పేర్ల జాబితాలో ఆఫీసు కౌంటరు పేరు చేర్చాను. ఆ వరుస చివర కోలన్, డబ్ల్యూ, క్యూ అనే అక్షరాలు నా చేతి మీదుగా పడ్డాయి. రిజిస్టర్లో అప్పుడు రాయలేదు. గురువారం ఉదయం సర్వర్ ఆగడానికి కారణం ఇదే. వల్సల.' సిరా ఆరేదాకా పేజీ తెరిచే ఉంచింది.

పదకొండింటికి ముగ్గురూ పొడుగాటి బల్ల దగ్గర కూర్చున్నారు.

"నోట్ తెచ్చారా చేచీ?" అన్నాడు బిజోయ్ సార్.

వల్సల రిజిస్టరును ఆయన వైపు తిప్పింది. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

"మీరా?" అన్నాడు.

"నేనే. బుధవారం నాటి నకళ్ళు కూడా అచ్చు వేసి వెనక పెట్టాను. రంసీనా తెరవకముందే ఆ అక్షరాలు ఉన్నాయి."

"అడ్మిషన్ల రోజు చేచీ. ప్రిన్సిపాల్‌కి నేను ఈ అమ్మాయి పేరు చెప్పాను."

"ఇప్పుడు నా పేరు చెప్పండి."

"కాగితం కూడా నిన్న సాయంత్రమే ఆఫీసుకి పంపించేశాను. పొడిగింపు అక్కర్లేదని."

రంసీనా కుర్చీ చేతిని పట్టుకుంది.

"దాని వెనకే ఇంకో కాగితం పంపండి సార్," అంది వల్సల. "రిజిస్టరు పేజీ జతచేసి పంపండి. సూపరింటెండెంటు నాకు తెలుసు. కాగితం ఆయన బల్ల మీదే ఉంటుంది, సోమవారం దాకా దేన్నీ కదపడు. రాస్తే నేనే తీసుకెళతాను."

బిజోయ్ సార్ పెన్ను తీశాడు. వాన చప్పుడులో పెన్ను చప్పుడు వినబడింది. రాసింది వల్సల వైపు తోశాడు. ఆమె మొత్తం చదివింది. ఒకచోట వేలు పెట్టింది.

"'పొరపాటు ఈమెది కానట్టు తెలుస్తోంది' అని రాశారు. తెలుస్తోంది కాదు సార్. కాదు."

ఆయన ఆ మాట కొట్టేసి, పైన మళ్ళీ రాశాడు.

"ఇక మన ఎడిటర్ సంగతి," అన్నాడు, కొంచెం అలసటగా. "మీ నోట్ ఏం చెబుతోంది?"

నోట్ ఆమె రాత్రి తిరగరాయలేదు. పొద్దున బస్సులో, సంచి మీద పెట్టుకుని రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. మూడే వాక్యాలు. ఆమె చదివింది.

"'నాకు ఇష్టమైనది వీఐ. ఈ గదికి నానో చాలు, కొత్తగా వచ్చేవాళ్ళు మొదటిరోజునే వాడగలరు. ఎడిటర్ ఏదైనా, సర్వర్లలోకి అందరూ ఒకే పేరుతో వెళ్ళడం మానేసి ఎవరి పేరుతో వాళ్ళు వెళ్ళాలి, ఎందుకంటే రిజిస్టర్లో రాయడం మరిచిపోయే మనుషులు ఉంటారు.'"

"నానోనా? మీరు?" అన్నాడు బిజోయ్ సార్.

"నా వేళ్ళ కోసం గది నడవక్కర్లేదు సార్."

అప్పుకుట్టన్ టీ గ్లాసులు పెట్టి, ఒక్కొక్కరి మొహం చూసి వెళ్ళిపోయాడు.

కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, సూపరింటెండెంటు చేత ముందుదాన్ని వెనక్కి తీయించి, ఇది పెట్టించి వచ్చేసరికి పన్నెండున్నర అయింది. పొడిగింపు ఆర్నెల్లకే రావచ్చు, ఏడాదికి రాకపోవచ్చు అన్నాడాయన. ఆ సంగతి రంసీనాకి ఉన్నదున్నట్టు చెప్పింది. రంసీనా తలూపింది. థాంక్స్ అనలేదు. ఆ మాట వినపడకపోవడమే వల్సలకు హాయిగా ఉంది.

మధ్యాహ్నం పేర్ల జాబితాలో లైబ్రరీ కంప్యూటర్ ఒకటి చేర్చాల్సి వచ్చింది. వల్సల నకలు తీసి దాచి, కుర్చీ ముందుకు లాక్కుంది. కూర్చున్నాక చూసింది, తెర కింద అంచు మీద సన్నటి తెల్ల కాగితం ముక్క అంటించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. గుండ్రటి అక్షరాలు.

చేచీ, ఇది నానో.

వెనక్కి తిరిగి చూసింది. రంసీనా తన తెరలోకి చూస్తూ శ్రద్ధగా పనిచేసుకుంటోంది.

వల్సల పేరు రాసింది. చిరునామా రాసింది. అంకెలు కాగితంతో సరిచూసుకుంది. కుడిచేతి చిటికెన వేలు కోలన్ మీద వాలబోయింది.

వెనక కుర్చీలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

వేలు గాలిలో ఆగిపోయింది. కొంతసేపు ఆమె దాన్ని అలాగే ఉంచింది. తర్వాత చెయ్యి జరిపి కంట్రోల్, ఎక్స్ నొక్కింది. మూసుకున్నాక, కుర్చీలోంచి లేవకముందే, రిజిస్టరు దగ్గరికి లాక్కుంది.